బ్యాంకు 59 లక్షలు ఇస్తానంటోంది, మేం ఎంత ఇల్లు కొనగలం?

ప్రశ్న: నా వయసు 35. చేతికొచ్చే జీతం నెలకు 85 వేలు, నా భార్యకు 40 వేలు. పాపకు నాలుగేళ్ళు. అద్దె 20 వేలు. కారు లోను ఈఎంఐ 9 వేలు, అది ఇంకో 14 నెలలు ఉంది. అన్నీ పోను నెలకు 40 వేల దాకా మిగులుతోందనుకుంటున్నాను. నిరుడు ఈ సమయానికి మా పొదుపు 15 లక్షలు, ఇప్పుడు 18 లక్షలు. మాకు బాగా నచ్చిన ఇల్లు ఒకటి 75 లక్షలు చెబుతున్నారు. బ్యాంకు 9 శాతం వడ్డీకి, 20 ఏళ్ళ గడువుతో 59 లక్షల దాకా ఇస్తామంది. మిగతా 16 లక్షలు మేం పెట్టుకున్నా ఇంకో 2 లక్షలు చేతిలో ఉంటాయి. 'అద్దె కట్టడం వృథా, జీతాలు ఎలాగూ పెరుగుతాయి, ధైర్యం చెయ్యి' అంటున్నాడు మా అన్నయ్య. నా భార్యకు మాత్రం భయంగా ఉంది. రెండో బిడ్డ పుడితే ఒక ఏడాది ఉద్యోగం మానేయాలని తన ఆలోచన. అమ్మేవాళ్ళు నెలాఖరులోగా అడ్వాన్స్ ఇమ్మంటున్నారు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. మా జీతాలకు అసలు ఎంత ఇల్లు కొనొచ్చు?
(పేరు వేయవద్దని కోరిన పాఠకుడు)

సమాధానం: ముందు జవాబు చెప్పేస్తాను, లెక్క తర్వాత చూద్దాం. 75 లక్షల ఇల్లు మీ జీతాలకు ఇప్పుడు అందదు. కారు లోను తీరేదాకా ఆగితే 50 లక్షల చుట్టుపక్కల ఇల్లు నిబ్బరంగా కొనుక్కోవచ్చు. రెండో బిడ్డ పుట్టి, మీ ఆవిడ ఏడాది పాటు జీతం లేకుండా ఇంట్లో ఉన్నా ఆ ఇంటికి ఢోకా ఉండదు. ఇప్పటికిప్పుడే కొనాలంటే మాత్రం 40 లక్షలు దాటకండి. 75 లక్షల ఇంట్లో ఏ గది ఎవరికో కూడా అనుకుని ఉంటారు, అలాంటప్పుడు ఈ మాట వినడం కష్టమే. అందుకే ఈ అంకె ఎలా వచ్చిందో మీరు రాసిన అంకెలతోనే చూపిస్తాను. ఇద్దరూ కలిసి కాగితం మీద వేసుకుని సరిచూడండి.

బ్యాంకు 59 లక్షలు అని ఎలా తేల్చి ఉంటుంది? మీ ఇద్దరి జీతం కలిపి 1,25,000. అందులో సగం దాకా ఈఎంఐలకు పోవచ్చనుకుంటే 62,500. కారు లోను 9 వేలు తీసేస్తే 53 వేల చిల్లర. 9 శాతం వడ్డీకి 20 ఏళ్ళ గడువైతే ప్రతి లక్ష అప్పుకూ నెలకు 900 కట్టాలి. 53 వేల చిల్లరను 900తో భాగిస్తే 59 లక్షల పైన వస్తుంది. అంతకు మించి ఇందులో లోతైన పరిశీలన ఏమీ లేదు. పాప స్కూలు ఫీజు ఎంతో, మీరు పెద్దవాళ్ళకు ఏమైనా పంపుతున్నారో లేదో, మీ ఆవిడ ఉద్యోగం మానాలనుకుంటోందో లేదో ఈ లెక్కకు తెలియదు. బ్యాంకును తప్పు పట్టడం లేదు. తమ డబ్బు తిరిగి వస్తుందా అన్నది వాళ్ళు చూసుకున్నారు, పైగా ఇల్లు తాకట్టు ఉంటుంది. వాయిదా కట్టేశాక ఈ కుటుంబం ఎలా బతుకుతుందన్నది మీరే చూసుకోవాలి. ఆ పని ఇంకెవరూ మీకోసం చేయరు.

ఇక మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనపడిన వాక్యం దగ్గరికి వస్తాను. 'నెలకు 40 వేల దాకా మిగులుతోందనుకుంటున్నాను' అన్నారు. నెలకు 40 వేలు మిగిలితే ఏడాదికి 4,80,000 చేరాలి. మీ పొదుపు పెరిగింది 3 లక్షలే. అంటే నిజంగా మిగిలింది నెలకు 25 వేలు. మిగతా 15 వేలు దుబారా అయ్యాయని నేననను. ఏడాదికోసారి కట్టే ఇన్సూరెన్స్ ప్రీమియం, కారు సర్వీసింగ్, పగిలిన ఫోను, పంటి నొప్పి, బంధువుల ఇంట్లో పెళ్ళి, సెలవుల ప్రయాణం లాంటివన్నీ కలిపితే ఇంచుమించు అంత అవుతాయి. ఏ ఒక్కటీ నెలనెలా రాదు కాబట్టి మన నెల లెక్కలోకి ఎక్కదు. 'ఈ ఒక్క నెలే కదా' అనుకుంటాం. కానీ ప్రతి నెలా ఏదో ఒకటి ఉంటుంది. అందుకే ఇల్లు కొనే ముందు నోటి లెక్కల మీద ఆధారపడొద్దని గట్టిగా చెబుతాను. 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసి, మొదటి రోజు అన్ని ఖాతాల్లో ఉన్న మొత్తం ఎంత, చివరి రోజు ఎంత అన్నది చూడండి. మధ్యలో వచ్చిన బోనస్, పాత పొదుపు మీద పడిన వడ్డీ ఉంటే తీసేయండి. మిగిలిన తేడాను 12తో భాగిస్తే వచ్చేదే మీ అసలు మిగులు. మీ 3 లక్షల్లో అలాంటివి ఉంటే, నేను ఈ కింద వేసే లెక్క ఇంకా తగ్గుతుంది.

25 వేల మిగులు అంటే, 1,25,000లో లక్ష ఖర్చవుతోంది. అందులో అద్దె 20 వేలు, కారు 9 వేలు పోగా మీ సంసారానికి నెలకు 71 వేలు అవుతోంది. ఈ 71 వేలు గుర్తుపెట్టుకోండి, సొంతింట్లోకి మారినా ఈ ఖర్చు మీతోనే వస్తుంది.

సొంతింటికి మారితే అద్దె 20 వేలు మిగులుతుంది. ఇప్పటి మిగులు 25 వేలతో కలిపితే 45 వేలు. దీన్నంతా ఈఎంఐకి ఇచ్చేయకూడదు. సొంతింటికి ఇంటిపన్ను ఉంటుంది, ఇన్సూరెన్స్ ఉంటుంది, ఉమ్మడి భవనమైతే నెలవారీ మెయింటెనెన్స్ ఉంటుంది. మోటారు కాలిపోతే ఇన్నాళ్ళూ ఇంటి యజమానికి ఫోన్ చేశారు, ఇక ఆ యజమాని మీరే. ఇంటి ధరలో ఏడాదికి ఒక శాతం ఇందుకు కేటాయించమని సాధారణంగా చెబుతారు. కొత్త ఇంటికి మొదట్లో అంత పట్టకపోవచ్చు, పాతబడ్డాక ఒక్క ఏడాదే అంతకు రెట్టింపు పట్టొచ్చు. 50 లక్షల ఇంటికి అది నెలకు సుమారు 4 వేలు. తర్వాత, మీ రిటైర్మెంటుకూ పిల్లల చదువుకూ కలిపి నెలకు 14 వేలు. మీ జీతంలో పదో వంతుకు కాస్త పైన, అంతే. ఇల్లు కొన్నాం కదా, ఇక వేరే పొదుపు ఎందుకని దీన్ని ఆపేసేవాళ్ళు చాలామంది. ఇంటి గోడ అమ్మి ఫీజు కట్టలేం కదా, దీన్ని ఆపొద్దు. 45 వేలలోంచి ఈ రెండూ తీస్తే ఈఎంఐకి మిగిలేది 27 వేలు. దానికి వచ్చే అప్పు 30 లక్షలు.

కారు లోను తీరాక లెక్క మారుతుంది. 9 వేలు కలిసి ఈఎంఐ 36 వేలు అవుతుంది, అప్పు 40 లక్షలు. చూడటానికి చిన్నదిగా కనిపించే కారు లోను పది లక్షల ఇంటి అప్పును మింగేస్తోంది. అందుకే ఆగమంటున్నాను.

ఇక చేతి డబ్బు. ఇప్పుడున్న 18 లక్షలకు, 14 నెలల్లో నెలకు 25 వేల చొప్పున 3,50,000 చేరితే 21,50,000. ఇందులో 5 లక్షలు అత్యవసర నిధిగా పక్కన పెట్టండి. నిజానికి ఆరు నెలల ఖర్చు ఉంటే నాకు ఇంకా ఇష్టం. మీరిద్దరూ సంపాదిస్తున్నారు కాబట్టి ఐదుతో సరిపెడుతున్నాను. మిగిలింది 16,50,000. దీనికి 40 లక్షల అప్పు కలిపితే 56,50,000. ఇదంతా ఇంటి ధర అనుకునేరు. ధర వేరు, తాళం తీసి లోపల కాలు పెట్టేసరికి అయ్యే ఖర్చు వేరు. రిజిస్ట్రేషన్, పన్నులు, బ్యాంకు ఫీజులు, లాయరు, సామాన్ల తరలింపు, అల్మారాలు, ఫ్యాన్లు, లైట్లు, కర్టెన్లు. ఇవి చోటును బట్టి, ఇంటిని బట్టి మారతాయి. మీరు కొనే చోట ఖచ్చితంగా ఎంతో కనుక్కోండి, అప్పటిదాకా ధరలో పది శాతం అనుకుని లెక్క వేయండి. 56,50,000ను 1.1తో భాగిస్తే 51 లక్షలు. కాస్త వెసులుబాటు ఉంచుకుని 50 అన్నాను. ఇదే లెక్క ఇప్పటి అంకెలతో వేస్తే, 30 లక్షల అప్పుకు 13 లక్షలు కలిపి 1.1తో భాగిస్తే, 39 లక్షలు వస్తుంది.

ఇప్పుడు ఇదే కొలతతో 75 లక్షల ఇంటిని చూడండి. మీరు 16 లక్షలు పెట్టుకుంటే 2 లక్షలు మిగులుతాయని రాశారు. పది శాతం పైఖర్చు 7,50,000 మీ లెక్కలో లేదు. బ్యాంకు సాధారణంగా ఇంటి విలువ మీదే అప్పు ఇస్తుంది, ఈ ఖర్చులు మనమే పెట్టుకోవాలి. అంటే మీ చేతి నుంచి పోవాల్సింది 23,50,000. ఉన్నది 18. గృహప్రవేశానికి ముందే 5,50,000 లోటు. ఈ చోటే చాలా కుటుంబాలు పర్సనల్ లోను తీసుకుంటాయి. 14 శాతం వడ్డీకి ఐదేళ్ళ లోను అనుకుంటే దాని ఈఎంఐ దాదాపు 12,800. దాన్ని పక్కన పెట్టినా నెల ఎలా ఉంటుందో చూడండి. సంసారం 71 వేలు, కారు 9, ఇంటి ఈఎంఐ 53, ఇంటి నిర్వహణ 6, మొత్తం 1,39,000. జీతాలు 1,25,000. ఇద్దరూ ఉద్యోగం చేస్తున్నా, ఎవరికీ జ్వరం కూడా రాకపోయినా, నెలకు 14 వేలు తక్కువ పడుతుంది. పర్సనల్ లోను కలిపితే 27 వేలు. ఈ లోటును క్రెడిట్ కార్డు పూడుస్తుంది, ఆ తర్వాత దాని వడ్డీ మొదలవుతుంది. మీ ఆవిడ భయపడుతున్నారంటే, కాగితం మీద పెట్టకపోయినా ఈ లెక్క ఆవిడ మనసుకు తట్టిందన్నమాట. ఆ భయాన్ని పిరికితనమని ఎవరూ కొట్టిపారేయకూడదు.

మీ అన్నయ్య మాటలో నిజం లేకపోలేదు. వడ్డీ మారనంతవరకు ఈఎంఐ పెరగదు, జీతం మాత్రం పెరుగుతుంది, కాబట్టి ఏళ్ళు గడిచేకొద్దీ అప్పు తేలికవుతుంది. ఇల్లు కొన్న చాలామంది చెప్పేది ఇదే, అది సరైన మాటే. కానీ జీతంతో పాటు ఖర్చులూ పెరుగుతాయి. రెండూ ఏడాదికి 6 శాతం పెరిగాయనుకోండి. జీతాలు 7,500 పెరుగుతాయి, 71 వేల సంసార ఖర్చు 4,260 పెరుగుతుంది. ఏడాది తర్వాత మీకు అదనంగా మిగిలేది మూడు వేల చిల్లర. 27 వేల లోటులో కారు లోను తీరి 9 వేలు తగ్గినా, మిగతా 18 వేలు పూడటానికి ఐదేళ్ళు పడుతుంది. ఆ ఐదేళ్ళూ పొదుపు ఉండదు, అత్యవసర నిధి ఉండదు. అన్నయ్యగా ఆయన మీకు ధైర్యం చెప్పొచ్చు, కానీ ఆ ఐదేళ్ళూ ఈఎంఐ కట్టాల్సింది మీరిద్దరూ.

అద్దె వృథా అన్న మాట గురించి కూడా. 59 లక్షల అప్పుకు మొదటి నెల వడ్డీ ఎంతో తెలుసా? 44,250. మీరు కట్టే 53 వేలలో అసలుకు జమ అయ్యేది 9 వేలు కూడా ఉండదు. వడ్డీగా పోయింది కూడా అద్దెలాగే తిరిగి రాదు, ఇప్పటి మీ అద్దెకు అది రెట్టింపు పైన. ఐదేళ్ళ పాటు క్రమం తప్పకుండా దాదాపు 32 లక్షలు కట్టాక బ్యాంకుకు వెళ్ళి ఇంకా ఎంత బాకీ అని అడిగితే 52 లక్షలు అంటారు. ఇది మోసం కాదు, అప్పు తీరే పద్ధతే అంత. మొదటి సగం కాలంలో కట్టేదాంట్లో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. సొంతిల్లు ఇచ్చే భరోసా చాలా విలువైనది, ఎవరూ ఖాళీ చేయమనని ఇంట్లో పిల్లలు పెరగడం నాకూ ఇష్టమే. కానీ ఇంకో 14 నెలలు అద్దె కడితే డబ్బు మట్టిలో కలిసిపోతోందని బాధపడకండి. ఆ అద్దెతో మీరు కొంటున్నది కారు లోను తీర్చుకునే వ్యవధి.

వడ్డీ 9 శాతం అని రాశారు కానీ అది మారుతుందా లేదా అని మీ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా లేదు, అది నాకు కలవరంగా ఉంది. ఆ 9 శాతం మారే వడ్డీయా, స్థిరమైనదా? మారేదైతే, 20 ఏళ్ళ పాటు అది 9 దగ్గరే నిలబడుతుందని ఎవరూ హామీ ఇవ్వరు. 11 అయిందనుకోండి. 59 లక్షల అప్పుకు ఈఎంఐ దాదాపు 61 వేలు అవుతుంది. చాలా బ్యాంకులు ఈఎంఐ పెంచకుండా గడువు పెంచుతాయి. వినడానికి హాయిగా ఉంటుంది కానీ దాని లోపల జరిగేది చూడండి. లక్ష అప్పుకు మీరు 900 కడుతున్నారు. వడ్డీ 10 అయితే అదే 900తో అప్పు తీరడానికి 20 ఏళ్ళ బదులు 26 ఏళ్ళు పడుతుంది. పదిన్నర అయితే 34 ఏళ్ళు. 11 అయితే నెల వడ్డీయే 917, మీరు కట్టేది దానికే చాలదు, ప్రతి నెలా కడుతూనే ఉన్నా బాకీ పెరుగుతుంది. కొన్ని దేశాలు ఈ ప్రమాదాన్ని నిబంధనల్లోనే పెట్టాయి. కెనడాలో అప్పిచ్చే ముందు, ఒప్పుకున్న వడ్డీ మీద ఇంకో 2 శాతం కలిపి, లేదా 5.25 శాతం దగ్గర, ఏది ఎక్కువైతే దాని దగ్గర, ఈ మనిషి కట్టగలడా అని పరీక్షిస్తారు. బ్రిటన్‌లో 2014 నుంచి 2022 దాకా 3 శాతం కలిపి చూడాలన్న నియమం ఉండేది. మీకు అప్పిచ్చేవాళ్ళు చేసినా చేయకపోయినా ఈ పరీక్ష మీరే చేసుకోండి. 40 లక్షల అప్పుకు వడ్డీ 11 అయితే ఈఎంఐ 36 వేల నుంచి 41,300కు వెళుతుంది. ఆ ఐదు వేల చిల్లర 14 వేల పొదుపులోంచి సర్దుకోవచ్చు. ఇబ్బందే, కానీ ఇల్లు నిలుస్తుంది.

ఈఎంఐ తగ్గుతుంది, 30 ఏళ్ళకు పెట్టుకోండి అని మీతో ఎవరో ఒకరు అనే ఉంటారు. 40 లక్షలకు 30 ఏళ్ళయితే ఈఎంఐ 32 వేల చిల్లర, నెలకు 3,800 తగ్గుతుంది. మొత్తం కట్టే వడ్డీ మాత్రం 46 లక్షల నుంచి దాదాపు 76 లక్షలకు పెరుగుతుంది. అప్పు తీరేసరికి మీకు 66 ఏళ్ళు. 20 ఏళ్ళే పెట్టుకోండి. బోనస్ వచ్చినప్పుడు ఏడాదికి ఒక్క ఈఎంఐ అదనంగా కట్టినా మూడేళ్ళకు పైగా ముందే తీరుతుంది. ముందస్తుగా కడితే జరిమానా ఉందా అని సంతకానికి ముందే అడగండి.

'ఏడాది జీతానికి మూడు రెట్లు', 'ఐదు రెట్లు', 'జీతంలో 30 శాతం' లాంటి సూత్రాలు మీరూ వినే ఉంటారు. అడిగారు కాబట్టి కాదు, వీటిని నమ్మి దెబ్బతినేవాళ్ళు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. రెట్ల సూత్రంలో వడ్డీ రేటు లేదు. నెలకు 36 వేలు 20 ఏళ్ళు కడితే వచ్చే అప్పు 3 శాతం వడ్డీకి 65 లక్షలు, 9 శాతానికి 40 లక్షలు, 12 శాతానికి 33 లక్షలు. జీతం అదే, మనిషి అదే, అప్పు మాత్రం సగానికి పడిపోయింది. వడ్డీ తక్కువున్న దేశంలోనో కాలంలోనో పుట్టిన సూత్రాన్ని ఇక్కడికి తెచ్చి పెట్టుకుంటే మునుగుతాం. 30 శాతం మాటకూ ఒక చరిత్ర ఉంది. అమెరికాలో 1969లో బ్రూక్ సవరణ అనే చట్టం, ప్రభుత్వ గృహాల్లో ఉండే పేదవాళ్ళ అద్దె వాళ్ళ ఆదాయంలో 25 శాతం మించకూడదని పరిమితి పెట్టింది. 1981లో దాన్ని 30 చేశారు. పేదవాడి దగ్గర ఇంతకు మించి వసూలు చేయొద్దన్న హద్దు అది. కొనేవాళ్ళకు లక్ష్యంగా పెట్టింది కాదు. మీ విషయంలో 36 వేలు అంటే జీతంలో 29 శాతం, దగ్గరగానే ఉంది. కానీ మీ సంసార ఖర్చు 71 బదులు 85 వేలైతే ఆ 29 శాతమే మోయలేని బరువు అయ్యేది.

ఇక రెండో బిడ్డ సంగతి. దీన్ని మీరు ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంలో రాశారు. నా దృష్టిలో మీ ఇంటి నిర్ణయానికి ఇదే మూలం. ఆ ఏడాది ఇంటికొచ్చేది మీ 85 వేలు మాత్రమే. 50 లక్షల ఇంట్లో ఆ ఏడాది సంసారం 71, ఈఎంఐ 36, నిర్వహణ 4, మొత్తం 1,11,000. పొదుపు ఆ ఏడాదికి ఆపేయండి, తప్పులేదు. నెలకు 26 వేలు తక్కువ పడుతుంది, ఏడాదికి 3,12,000. అత్యవసర నిధి 5 లక్షల్లోంచి అది వస్తుంది, ఇంకా కొంత మిగులుతుంది. కాన్పు ఖర్చు, బిడ్డ ఖర్చు కలిస్తే ఆ కొంత కూడా కరిగిపోవచ్చు. కానీ ఆవిడ మళ్ళీ ఉద్యోగంలో చేరేదాకా ఎవరి దగ్గరా చేయి చాపనక్కర్లేదు. 75 లక్షల ఇంట్లో కారు లోను తీరిపోయాక కూడా ఖర్చు 1,30,000. పర్సనల్ లోను లేదనుకున్నా నెలకు 45 వేల లోటు, చేతిలో నిధి సున్నా. అప్పుడు ఆవిడ బిడ్డను మూడో నెలలోనే వదిలి ఉద్యోగానికి వెళ్ళాల్సి వస్తుంది, లేదా ఇద్దరూ రెండో బిడ్డ ఆలోచనే మానుకుంటారు. ఇంటి కోసం అలాంటి త్యాగం చేయాలని మీరిద్దరూ కూర్చుని, కళ్ళు తెరిచి నిర్ణయించుకుంటే అది మీ ఇష్టం. తెలియకుండా అందులోకి జారిపోవద్దు అన్నదే నా తపన. ఆవిడను అడగండి. ఏడాది మానితే మళ్ళీ అదే జీతానికి చేరగలనని ఆవిడ అనుకుంటున్నారా, ఏడాది రెండేళ్ళు అయ్యే అవకాశం ఉందా? రెండేళ్ళంటే నా 50 కూడా 45కు దిగుతుంది.

మరో మాట, అప్పు ఎంత తీసుకుంటే అంతకు తగ్గ టర్మ్ ఇన్సూరెన్స్ మీ పేరున ఉండాలి. మీరు లేకపోతే మీ ఆవిడ 40 వేలతో ఆ ఇల్లు నిలుపుకోలేరు.

ఈ 14 నెలలు ఊరికే కూర్చోవద్దు. సొంతింట్లో ఉన్నట్టే బతికి చూడండి. 50 లక్షల ఇంటికి ఈఎంఐ, నిర్వహణ కలిపి 40 వేలు, ఇప్పుడు కడుతున్న అద్దె 20 వేలు పోగా తేడా 20 వేలు. జీతం పడిన రోజే ఆ 20 వేలు వేరే ఖాతాలోకి వెళ్ళిపోయేలా పెట్టండి. దానికి ఏటీఎం కార్డు తీసుకోవద్దు, ఫోన్ యాప్‌కు కలపొద్దు. ఆరు నెలలు దాన్ని ముట్టకుండా నడిస్తే, ఆ ఇల్లు మీకు అందుతుందని కాగితం కంటే గట్టిగా తెలుస్తుంది. మధ్యలో రెండు మూడుసార్లు అందులోంచి తీయాల్సి వస్తే మీ 71 వేల లెక్క తప్పన్నమాట, ఇంటి ధర తగ్గించండి. ఇంకా మనసు ఆ 75 లక్షల ఇంటి మీదే ఉంటే, అదే పద్ధతిలో 39 వేలు పక్కన పెట్టి చూడండి. మీ అసలు మిగులు 25 వేలు కాబట్టి మొదటి నెలలోనే ఇబ్బంది తెలుస్తుంది. అన్నయ్యతో వాదించే అవసరం కూడా ఉండదు, ఖాతా చూపిస్తే చాలు.

50 లక్షలకు మీరు కోరుకున్న చోట ఇల్లు రాకపోవచ్చు. అప్పుడు ఒక గది తగ్గాలి, లేదా కాస్త దూరం వెళ్ళాలి, లేదా కొంచెం పాత ఇల్లు చూడాలి. నన్నడిగితే ఒక గది తగ్గించుకోమంటాను. దూరం వెళితే ప్రయాణం ఖర్చు, సమయం రోజూ పోతాయి, మీ ఆవిడ తిరిగి ఉద్యోగంలో చేరడం కూడా కష్టమవుతుంది. ఇంకా కట్టని ఇల్లు మాత్రం ఎంచుకోవద్దు. అది పూర్తయ్యేదాకా అద్దె, అప్పు మీద వడ్డీ రెండూ కట్టాలి, మీ నెలలో ఆ రెంటికీ చోటు లేదు.

అడ్వాన్స్ ఇవ్వకండి. నెలాఖరు అన్నది అమ్మేవాళ్ళ గడువు, మీది కాదు. 'ఇప్పుడు మాకు కుదరదండీ' అని మర్యాదగా ఈ వారమే చెప్పేయండి, వాళ్ళు ఇంకొకరికి చూపించుకుంటారు. రేపు మీ లెక్కకు తగ్గ ఇల్లు దొరికినప్పుడు కూడా, బ్యాంకు అప్పు మంజూరు కాకపోయినా, పత్రాల్లో లోపం తేలినా అడ్వాన్స్ మొత్తం ఫలానా రోజుల్లో తిరిగి ఇస్తామని అమ్మేవాళ్ళు రాతపూర్వకంగా ఇచ్చి సంతకం పెట్టాకే డబ్బు ఇవ్వండి. ఆ కాగితం మీద మీ ఆవిడ పేరు కూడా ఉండేలా చూడండి.